మధుమేహ పాదవ్రణాలు: కట్ల పోలికలో కర్తృత్వ సమస్య

"ఈ కట్టు పుండును మాన్పుతుంది" అన్న వాక్యం తెలుగు ఆరోగ్యవ్యాసాలలో తరచూ కనిపిస్తుంది. ఇందులో కర్తృత్వమంతా కట్టుకే దక్కింది. విమర్శకు నిలవనిది ఈ నిర్మాణమే.

సుశ్రుతసంహిత వ్రణానికి 60 ఉపక్రమాలు చెబుతూ శోధన, రోపణ, బంధాలను వేర్వేరుగా నిలిపింది. శుభ్రపరచడం, పూడ్చడం, కప్పి ఉంచడం ఒకటి కావు. నేటి 'డ్రెస్సింగ్' ఈ మూడింటినీ కలిపివేసింది. వెండి, అయోడిన్ కట్లు సూక్ష్మజీవుల అదుపునకు ఉద్దేశించినవి. అదుపైనంత మాత్రాన పుండు మూసుకుంటుందనడం ఊహ. 2009లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరీక్ష 317 మందిలో సాధారణ అల్లిక కట్టును, అయోడిన్ కట్టును, హైడ్రోఫైబర్ కట్టును పోల్చింది. 24 వారాలకు మానుదలలో గణనీయమైన తేడా తేలలేదు. (ధరలో మాత్రం తేలింది.)

2018 నాటి ఎక్స్‌ప్లోరర్ పరీక్ష ఇందుకు భిన్నం. 20 వారాలకు సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ కట్టుతో 48 శాతం మందికి, ఆ ద్రవ్యం లేని కట్టుతో 30 శాతం మందికి పుండు మూసుకుంది. అయితే అందులో చేర్చుకున్నవి ఇన్ఫెక్షన్ లేని, నాడీలోపమూ రక్తప్రసరణలోపమూ కలిసి ఉన్న పుండ్లు. ఆ విశేషణాలను విడిచి "మేలైన కట్టు" అని రాస్తే అది అతివ్యాప్తి దోషం. తేనె ప్రాచీనమన్న వాదమూ నిలవదు; మానుదల కోసం తేనెను వాడవద్దనే 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

ఎక్స్‌ప్లోరర్‌లో ఇరువర్గాలకూ పాదంపై భారం తగ్గించే ఏర్పాటు జరిగింది. దాని పాత్రను కట్టు గురించిన వాక్యం చెప్పదు. కట్టు, పట్టీ, డ్రెస్సింగ్ అని మూడు మాటలున్న తెలుగులో ఆ ఏర్పాటుకు వాడుకమాట ఒక్కటీ కుదురుకోలేదు.