తండ్రి తొడపై ఇద్దరు బాలురు

పోతన భాగవతంలో అయిదేండ్ల బాలురు ఇద్దరున్నారు. ఒకడు తండ్రి తొడ ఎక్కబోయి భంగపడినవాడు. మరొకడు తండ్రి తొడపై కూర్చుండి, అక్కడినుండి నేలకు త్రోయబడినవాడు. ధ్రువుడు, ప్రహ్లాదుడు. ఈ రెండింటినీ మనం భక్తికథలుగానే చెప్పుకొంటాము. అందులో తప్పు లేదు. కాని తండ్రుల కథలుగా చదివినవారు మనలో తక్కువ. అరవై దాటేవరకు నేనూ చదవలేదు.

చతుర్థస్కంధంలో ఉత్తానపాద మహారాజు చిన్నభార్య సురుచి కుమారుడైన ఉత్తముని తొడపై ఉంచుకొని లాలిస్తుంటాడు. సునీతి కొడుకు ధ్రువుడు తానూ ఎక్కబోతాడు. సురుచి పలికిన పరుషవాక్యాలు అందరికీ గుర్తుంటాయి. నాటకంలో ఆ వేషానికే చప్పట్లు ఎక్కువ. అయితే అక్కడ అసలు దోషి నోరు విప్పని మనిషి. రాజు కొట్టలేదు, తిట్టలేదు. చేయి చాపలేదు, అంతే. తరువాత నారదుని ఎదుట విలపిస్తాడు. కొడుకు తపస్సు ముగించి తిరిగి వచ్చేటప్పుడు ఎదురేగి, రథం దిగి, కౌగిలించుకొంటాడు. ఆ కౌగిలి మొదటే దొరికి ఉంటే బాలుడు అడవికి పోయేవాడే కాడు.

సప్తమస్కంధంలోని తండ్రి మరింత చిక్కైనవాడు. హిరణ్యకశిపుణ్ణి మనం కోరమీసాల రాక్షసుడిగానే ఊహించుకొంటాము. పోతన అట్లా ఊహించలేదు. గురుకులంనుండి వచ్చిన కుమారుణ్ణి దగ్గరకు తీసుకొని, తొడపై కూర్చోబెట్టుకొని, శిరస్సు మూర్కొని, ఆనందబాష్పాలతో తడిపినట్లు సంస్కృత మూలంలోనే ఉన్నది. జుట్టు దువ్వడం, గడ్డం పుడకడం, చెక్కిలి ముద్దాడడం పోతన చేర్చినవి. ఇవి రాజు చేష్టలు కావు, మన ఇండ్లలోని నాయనల చేష్టలు. ఇంత ప్రేమ కురిపించి, ఏమి నేర్చుకొన్నావని అడుగుతాడు. సమాధానం తాను కోరినది కాకపోయేసరికి ఆ తొడపైనుండే బిడ్డను త్రోసివేస్తాడు. ప్రేమలేని తండ్రి త్రోసివేస్తే మనకు ఇంత బాధ కలుగదు. పోతన ప్రతిభ ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ప్రసిద్ధి పొందిన పద్యాలకన్న ఈ వచనమే నన్ను ఎక్కువగా కలచివేసింది. 1967 నాటి 'భక్త ప్రహ్లాద' చిత్రంలో ఎస్వీ రంగారావు ఈ రహస్యం గ్రహించి నటించారు. ఆయన కోపం వెనుక ఎప్పుడూ ఒక తండ్రి తడబాటు కనబడుతుంది.

మరొక సంగతి. ఈ తండ్రి మందరగిరిపై తపస్సుకు పోయిన కాలంలోనే గర్భంలోని శిశువు నారదుని ఆశ్రమంలో ఆయన మాటలు విన్నాడు. వరాలతో తిరిగి వచ్చేసరికి బిడ్డ మనస్సు మరొకరి చేత రూపుదిద్దుకొన్నది.

శిశువుల అనుబంధాన్ని గురించి 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక వ్రాసిన జాన్ బౌల్బీ తల్లికే ప్రధానస్థానం ఇచ్చాడు. తండ్రిని ఆమెకు అండగా నిలిపాడు. 1964లో గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 60 మంది శిశువులను గమనించి ప్రచురించిన ఫలితాలు వేరొక మాట చెప్పాయి. ఒకటిన్నర ఏడు వచ్చేసరికి చాలామంది బిడ్డలు తండ్రితోనూ గాఢంగా పెనవేసుకొన్నారు. ఎవరు అన్నం పెట్టారు, ఎంతసేపు దగ్గర ఉన్నారు అన్నదానికంటె, బిడ్డ పిలుపుకు ఎవరు పలికారన్నదే ముఖ్యమని వారు గ్రహించారు. హిరణ్యకశిపుడు అడగడం ఎరుగును, వినడం ఎరుగడు.

1860లో మద్రాసునుండి నేటాలుకు మొదటి ఓడ వచ్చింది. తరువాతి ఓడలలో ఒకదానిలో మా ముత్తాత వచ్చాడు. చెరకుతోటల తండ్రులు తెల్లవారకముందే పనికి పోయేవారు. వారి తొడ ఎక్కడానికి బిడ్డలకు పొద్దు చాలేది కాదు. మా నాయన చక్కెర మిల్లులో పనిచేసేవాడు. చదువు రాదు. శనివారం రాత్రి నా బడి పుస్తకం తెప్పించి ఇంగ్లీషులో పైకి చదవమనేవాడు. సగం ఆయనకు అర్థమయ్యేది కాదు. అయినా పుస్తకం మూసేవరకు కదిలేవాడు కాదు. నేను చదువుకొన్నవాణ్ణి, ఉపాధ్యాయుణ్ణి. నా కుమారుడు చదువుతుంటే ప్రతి వాక్యానికీ తప్పు దిద్దేవాణ్ణి. వాడిప్పుడు దూరదేశంలో ఉన్నాడు. ఫోను చేస్తే వాళ్ళ అమ్మతో మాట్లాడతాడు.

మన పిల్లల నాటకాలపై నాకొక ఫిర్యాదు ఉన్నది. అవి స్తంభం పగలడంతో, రాక్షసుడు కూలడంతో ముగుస్తాయి. భాగవతం అక్కడ ముగియదు. వరం కోరుకొమ్మన్న నరసింహునితో ప్రహ్లాదుడు తన తండ్రి పాపం పోవాలని వేడుకొంటాడు. ఇరువదియొక్క తరాలతో సహా అతడు పవిత్రుడైనాడని స్వామి అభయమిస్తాడు. అప్పుడు కొడుకు తండ్రికి ఉత్తరక్రియలు చేస్తాడు. త్రోసివేసినవానిని, విషం పెట్టించినవానిని ఆ బాలుడు చివరివరకు తండ్రిగానే ఎంచాడు. ఈ ఘట్టాన్ని కోసివేస్తే మిగిలేది వేట మాత్రమే.

ఈ నృసింహ జయంతికి నాటకం వ్రాయమని నన్ను కోరారు. స్తంభం తరువాత ఒక రంగం చేర్చాను. నిడివి ఎక్కువైందని అభ్యంతరం వచ్చింది. గదాయుద్ధం తగ్గించుకొమ్మన్నాను.