బట్వాడా శనివారం, బిల్లు వచ్చే స్లాబ్‌కి

పని దొరక్క మూతపడ్డ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లను నేను అరుదుగా చూశాను. చేతినిండా పనులుండి మునిగినవాళ్ళనే ఎక్కువ చూశాను. ఒకేసారి నాలుగు సైట్లు, సైట్‌కి ఎనిమిది మంది మనుషులు, ఊపిరి తీసుకోనివ్వని ఫోన్లు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ మనిషి హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపు ముందు నుంచీ తలెత్తుకుని నడవలేడు. ఏదో వ్యసనం ఉండే ఉంటుందని నలుగురూ అనుకుంటారు. చాలాసార్లు ఏమీ ఉండదు. తారీఖులు కలవలేదు, అంతే.

మా పనిలో డబ్బు బయటికి పోయే తారీఖులు కదలవు. కుర్రాళ్ళకు శనివారం సాయంత్రం కూలి బట్వాడా. షాపు ఉద్దెర 30 రోజులు, బాగా తెలిసిన సేఠ్ అయితే 45. నెలనెలా రిటర్న్ వేసేవాడు ఈ నెల ఇచ్చిన బిల్లుకు వచ్చే నెల 20కల్లా జీఎస్టీ కట్టాలి. బిల్డర్ డబ్బిచ్చాడా లేదా అని పోర్టల్ అడగదు. లోపలికి వచ్చే తారీఖు మాత్రం బిల్డర్ గారి నోట్లో ఉంటుంది. “స్లాబ్ పడనివ్వు తమ్ముడూ, సర్దుతా” అంటాడు. ఆయన్ను తిట్టి లాభం లేదు. ఫ్లాట్ కొన్నవాళ్ళ హోమ్ లోన్‌ను బ్యాంకు అంతస్తుల వారీగా వదులుతుంది, ఆయనకూ స్లాబ్ పడితేనే సొమ్ము. వచ్చినదాన్ని ముందు సిమెంటుకూ ఇనుముకూ ఇస్తాడు, అవి లేకపోతే పై స్లాబ్ లేవదు కాబట్టి. మా పైపులు అప్పటికే కాంక్రీటులో కలిసిపోయి ఉంటాయి. వాటిని ఊడబీక్కుని పోలేమని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. వరసలో ఎలక్ట్రీషియన్ చివర నిలబడటానికి అసలు కారణం ఇదే.

ఒక పని లెక్క వేసి చూద్దాం. నిజాంపేట వైపు స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి. మెటీరియల్, లేబర్ కలిపి 50 లక్షలు, జీఎస్టీ అదనం. మెటీరియల్ 32 లక్షలు, కూలి 10 లక్షలు, సూపర్‌వైజర్ జీతం, రవాణా, పనిముట్లు, టెస్టింగ్ కలిపి 3 లక్షలు. మిగిలేది 5 లక్షలు. నూటికి పది. కోట్ రాసుకున్న రోజు ముచ్చటగానే ఉంటుంది.

ఇక చేతికొచ్చేది చూడండి. రిటెన్షన్ నూటికి ఐదు, అంటే రెండున్నర లక్షలు, భవనం అప్పగించి ఏడాది గడిచేదాకా బిల్డర్ దగ్గరే. లాభంలో సగం అక్కడ ఆగింది. టీడీఎస్ ఒక శాతం, 50 వేలు. రిటర్న్ వేశాక లెక్కలోకి వస్తుంది, పని జరుగుతున్నప్పుడు చేతిలో ఉండదు. మధ్యలో ఒక 12 లక్షలు నాలుగు నెలలు ఇరుక్కున్నాయనుకుందాం, ఇది మా దగ్గర మామూలే. ఆ సొమ్ము నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తిప్పితే 96 వేలు. మొత్తం మెటీరియల్‌లో వైర్ల వాటా 12 లక్షలై, కొనే వేళకు వాటి ధర ఎనిమిది శాతం పెరిగితే మరో 96 వేలు. అన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది 8 వేలు. జీఎస్టీ ముందుగా కట్టిన భారం ఇందులో కలపలేదు. 50 లక్షల మీద పన్ను 9 లక్షలు, మెటీరియల్ మీద కట్టిన 5 లక్షల 76 వేలు పోను 3 లక్షల 24 వేలు జేబులోంచి తీయాల్సినవి.

రిటెన్షన్ ఎక్కడికీ పోలేదు కదా, లాభం లాభమే కదా అంటారు ఆడిటర్ గారు. పుస్తకం ప్రకారం ఆయన మాట నిజం. శనివారం సాయంత్రం కుర్రాళ్ళ ముందు కూర్చుంటే ఆ పుస్తకం పనికిరాదు.

చేతిలో పని ఎక్కువైతే ప్రమాదం ఎక్కువని నేననేది ఇందుకే. ఒక సైట్లో 12 లక్షలు ఇరుక్కుంటే నాలుగు సైట్లలో 48. అంత అప్పు ఎవరూ ఇవ్వరు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఐదో సైటు ఒప్పుకుంటాడు, దాని అడ్వాన్సుతో పాత సైట్ల బట్వాడా నడిపిస్తాడు. ఐదో సైటుకు పైపులు కావాల్సిన రోజున ఆరోది వెతుక్కుంటాడు. ఆ అడ్వాన్సుల కోసమే రేటు తగ్గిస్తాడు. రేటు తగ్గిస్తే పనులు ఇంకా వస్తాయి, చూసేవాళ్ళకు మనవాడు దూసుకుపోతున్నట్టే కనపడతాడు. కొత్త పని రాని నెల ఒకటి రాగానే అన్ని సైట్ల అప్పులూ ఒకేసారి మీద పడతాయి.

రాగి సంగతి వేరే చెప్పాలి. రెండున్నర ఎస్‌క్యూ ఎంఎం వైరు 90 మీటర్ల కాయిల్‌ తీసుకోండి. పైన ప్లాస్టిక్ తొడుగు, బ్రాండ్ పేరు, అట్టపెట్టె. లోపల ఉన్నది సుమారు రెండు కిలోల రాగి. రాగి కిలోకు వంద రూపాయలు పెరిగితే కాయిల్‌కు రెండు వందలు పెరిగినట్టే. అలాంటివి మూడొందల కాయిళ్ళు పడే పనిలో 60 వేలు. ఆ ధర మన చేతిలో లేదు, మన దేశం చేతిలో కూడా లేదు, లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో తేలుతుంది. 2020 మార్చిలో అక్కడ టన్ను రాగి 5 వేల డాలర్ల కిందికి పడింది. 2021 మేలో 10 వేలు దాటింది. 2024 మేలో 11 వేలు కూడా దాటింది. ఇక మా పని వరస చూడండి: స్లాబ్ పైపులు ముందు, గోడలకు గాడి కొట్టడం తరవాత, ప్లాస్టరింగ్ అంతా అయ్యాకే వైరు లాగడం. అంటే ఏడాది కిందట కోట్‌లో రాసిన ధరకు ఏడాది తరవాత వైరు కొనాలి. కోట్ 2020 వేసవిలో ఇచ్చి, వైరు 2021 వేసవిలో లాగాల్సి వచ్చినవాళ్ళు ఏమయ్యారో చెప్పక్కర్లేదు.

పెద్ద కేబుల్ ఒప్పందాల్లో దీనికి మందుంది. విద్యుత్ పరికరాల తయారీదారుల సంస్థ ఐఈఈఎంఏ నెలనెలా లోహాల ధరలు ప్రకటిస్తుంది, వాటి ప్రకారం బిల్లు పెరుగుతుంది, తగ్గుతుంది. చిన్న కాంట్రాక్టర్‌కు ఆ వెసులుబాటు ఎవరిస్తారు? అడ్వాన్సు రాగానే వైరంతా కొనిపెట్టుకుందామంటే డబ్బు ఏడాది పాటు స్టోర్ రూంలో పడుకుంటుంది, పైగా రాత్రిపూట సైట్లో రాగికి కాళ్ళొస్తాయి. నాకు పనికొచ్చిన దారి ఒక్కటే. “వైరు ధర కొన్న రోజు బిల్లు ప్రకారం” అని కోట్‌లో ఒక లైను రాయడం. ఆ లైను చూసి వెనక్కి పోయిన బిల్డర్లున్నారు. పోనీ.

మిగిలేది ఎక్కడైనా ఉందంటే అది పనితనంలోనే. స్లాబ్ రోజు సంగతే చూడండి. ఇనుము కట్టాక పైపులు పరిచి, బైండింగ్ వైరుతో బిగించి, ఫ్యాన్ బాక్సుల్లో కాగితాలు కుక్కి టేపు వేసి మేం దిగిపోతాం. ఆపైన కాంక్రీటు వాళ్ళు ఎక్కుతారు. బూట్లు, గంపలు, వైబ్రేటర్. ఎక్కడో రెండు పైపులు కలిపే కప్లర్ ఒకటి ఊడుతుంది, సిమెంటు పాలు లోపలికి జారి గడ్డకడతాయి. ఆ రోజు ఎవరికీ తెలియదు. ఏడాది తరవాత వైరు లాగడానికి స్ప్రింగ్ తోస్తుంటే సగం దూరం పోయి ఆగిపోతుంది. అటు నుంచి తోసినా అంతే. ఇక సీలింగ్ పగలగొట్టాలి, కొత్త పైపు వేయాలి, తాపీ మేస్త్రీని బతిమాలాలి, పెయింటర్‌తో పోట్లాట, ఇద్దరు మనుషులకు రెండు రోజులు. ఊడిన కప్లర్ ధర వంద రూపాయలు కూడా ఉండదు. అందుకే కాంక్రీటు పోసినంతసేపూ ఒక కుర్రాణ్ణి కప్లర్లు, సొల్యూషన్ డబ్బా ఇచ్చి పైనే నిలబెడతాను. ఊరికే నిలబడేవాడికి కూలి దండగ అనే కాంట్రాక్టర్లు చాలామంది. నా లెక్కలో ఆ ఒక్క రోజు కూలికి మించిన పెట్టుబడి ఈ పనిలో లేదు.

అప్పు దగ్గరికొస్తే, బ్యాంకు మమ్మల్ని చూడగానే తాకట్టు అడుగుతుంది. కాబట్టి మాలో చాలామందికి బ్యాంకు చిట్టీయే. అవసరం ముదిరిన నెలలో పాట పాడి, పోయింది పోగా వచ్చింది తెచ్చుకుంటాం. 2019లో చిట్‌ఫండ్ చట్టాన్ని సవరించి చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచారు, దాని మీద జీఎస్టీ వేరే. ఖరీదైన డబ్బే. అయినా రెండు రూపాయల వడ్డీ కంటే నయం, ఇంటికొచ్చి అరిచేవాడుండడు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. మెటీరియల్, లేబర్ కలిపిన వర్క్స్ కాంట్రాక్టుకు ఇది వర్తిస్తుందా అనే వాదన కోర్టుల దాకా పోయింది. అది పక్కన పెడదాం. రేపటి స్లాబ్ ఇవ్వాల్సిన బిల్డర్ మీద ఈ రోజు ఫిర్యాదు చేసే మొనగాడు మాలో ఎవరు?

ఇవన్నీ చూసి విసిగి చాలామంది లేబర్ పనికే పరిమితమైపోయారు. మెటీరియల్ ఇంటివాళ్ళదే, మాకు పాయింటుకింత, లేకపోతే చదరపు అడుక్కింత. రాగి గొడవ ఉండదు, ఉద్దెర ఉండదు. కూలి రేట్లు మాత్రం పోటీలో అరిగిపోయి, లోటు పూడ్చుకోవడానికి ఇంకో దారి పడింది. షాపు కమీషన్, అట్టపెట్టెల్లో వచ్చే కూపన్లు. తక్కువ రేటుకు ఒప్పుకున్న మేస్త్రీ ఫలానా బ్రాండే కొనమని ఎందుకు పట్టుబడతాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తప్పంతా మేస్త్రీదే అనను. కూలిలో రావాల్సింది రాకపోతే మనిషి పెట్టెలో వెతుక్కుంటాడు.

ఇల్లు కట్టించుకునేవారికి ఒక మాట. మూడు కొటేషన్లు తెప్పించుకుని మిగతా రెండింటికంటే బాగా తక్కువున్నది పట్టుకునే ముందు, అతను ఏం వదిలేస్తే ఆ రేటు కుదిరిందో అడగండి. మొదట మాయమయ్యేది ఎర్త్ వైరు, ఆ తరవాత వైరు మందం. డబ్బును పైపులు, గాడులు, వైర్లు, ఫిట్టింగ్ అని నాలుగు మెట్లుగా విడగొట్టి ఒప్పందంలోనే రాసుకోండి. వైర్లు లాగాక ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టించి రీడింగ్ మీ కళ్ళతో చూడండి, ఎర్త్ వైరు ప్రతి బోర్డుకూ వచ్చిందో లేదో చూడండి. సరిగ్గా ఉంటే ఆ మెట్టు డబ్బు ఆ వారంలోనే ఇచ్చేయండి.