గడప దగ్గరి ప్రశ్న: అద్దె ఇల్లు – చిన్న ఊరు – తెలుగు కథనం

ఇల్లు డబ్బిచ్చి వాడుకోవడాన్ని చెప్పడానికి తెలుగులో ప్రధానంగా మూడు మాటలున్నాయి. కోస్తా జిల్లాల్లో అద్దె, రాయలసీమలో బాడుగ, తెలంగాణలో కిరాయి. బాడుగకు కన్నడంలో బాడిగె, తమిళంలో వాడగై తోబుట్టువులు. కిరాయి అరబ్బీలో పుట్టి పారసీ, ఉర్దూల మీదుగా ఇక్కడికి చేరింది. పత్రికల భాష ఈ మాటను హంతకులకూ గూండాలకూ ముడిపెట్టి కొంత చెడగొట్టింది. అయినా నల్లగొండలోనో జనగామలోనో కిరాయికుండే కుటుంబానికి అందులో ఏ మచ్చా వినిపించదు. నామవాచకాలు ఇలా ప్రాంతాన్ని బట్టి మారినా, అద్దె ఇంటి క్రియల్లో గమనించవలసిన విశేషం ఒకటుంది. సొంతదారు ఇంట్లో ‘ఉంటాడు’. అద్దెకు వచ్చినవాడు ‘దిగుతాడు’, బండి దిగినట్టు, సత్రంలో దిగినట్టు. పోయేనాడు ‘ఖాళీ చేస్తాడు’. పదేళ్ళు అదే కప్పు కింద కాపురం చేసి, పిల్లలకు అక్కడే అక్షరాభ్యాసం చేయించినా భాష అతన్ని బాటసారిగానే చూస్తుంది.

తెలుగు సాహిత్య విమర్శ ఇంటి గురించి తక్కువేమీ మాట్లాడలేదు. ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నం కావడం, ఆస్తి పంపకాలు, ఇల్లాలి శ్రమ వంటి అంశాలమీద విస్తృతమైన చర్చ జరిగింది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇంటిని అలుకుతూ తుడుస్తూ ఉన్న గృహిణి తన పేరే మరచిపోతుంది. స్త్రీవాద విమర్శ ఈ కథను పదే పదే చదివింది, చదవవలసిందే. కాని ఈ చర్చలో ఎక్కువ భాగం ఎవరో ఒకరికి చెందిన ఇంటి చుట్టూ, కుటుంబం అప్పటికే నిలదొక్కుకున్న ఇంటి చుట్టూ తిరిగింది. అద్దె ఇల్లు కథకు నేపథ్యంగా మాత్రమే మిగిలింది. సత్యవతి కథలో ఇంట్లో ఉన్న స్త్రీ పేరు పోగొట్టుకుంటే, ఇల్లు వెతుక్కునే మనిషిని మొట్టమొదట అడిగేదే పేరు. ఈ రెండో సన్నివేశాన్ని మనం విమర్శ వస్తువుగా తగినంత పట్టించుకోలేదు.

గ్రామ కథ, నగర కథ అనే మన పాత విభజన ఈ నిర్లక్ష్యానికి కొంత కారణం. అద్దె ఇంటి సమస్య తన అసలు రూపంలో కనిపించేది ఈ రెంటికీ నడుమ ఉన్న చిన్న ఊళ్ళో. ఆ ఊరు పల్లెలాగే ఒకరినొకరు ఎరిగి ఉంటుంది, పట్నంలాగే బయటివాళ్ళను రప్పించుకుంటుంది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడినప్పుడు బ్లాకు కార్యాలయాల ఉద్యోగులు ఇటువంటి ఊళ్ళకు చేరారు. 1985లో తాలూకాలను విడదీసి మండలాలు చేసిన తరువాత, అంతకుముందు బస్సాగడమే గొప్ప అనుకున్న ఊళ్ళు సైతం కార్యస్థానాలయ్యాయి. మండల రెవెన్యూ అధికారి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు, బ్యాంకు గుమాస్తా, జూనియర్ కళాశాల అధ్యాపకుడు అంతా ఒక్కసారిగా ఇళ్ళు వెతుక్కోవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక పాతికేళ్ళ యువతీ యువకులు ఇంకా చిన్న ఊళ్ళకు వెళ్ళారు. అద్దెకివ్వడం కోసం కట్టిన ఇళ్ళు అక్కడ అంతకుముందు లేవు. ఉన్నవి ‘వాటాలు’.

వాటా అంటే మొదట ఆస్తిలో భాగం. అన్నదమ్ములు విడిపోయినప్పుడు నడిమింట్లో గోడ లేచి ఒక ఇల్లు రెండు వాటాలవుతుంది. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్ళిపోతే ఒక వాటా ఖాళీ అవుతుంది. అద్దెకు వచ్చేవాడు దిగేది ఆ జాగాలోకి. అంటే కుటుంబంలో ఒక మనిషి లేని చోటులోకి. గోడ అడ్డమున్నా పెరడు ఒక్కటే, నుయ్యి ఒక్కటే, చాలా ఇళ్ళలో మరుగుదొడ్డీ ఒక్కటే. తులసికోట దాటకుండా బావి దగ్గరికి దారి లేదు. పొయ్యిమీద ఏమి ఉడుకుతోందో వాసన గోడమీదుగా చెబుతుంది. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ కథ తరువాత మన సమాజంలో నీళ్ళు తోడుకోవడమంటే ఏమిటో తెలుగు విమర్శకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇంటి వెనుక బావి ఊరబావికి చిన్న రూపం. అందుచేత చిన్న ఊళ్ళో ఇల్లు గలవాడు అద్దెకిచ్చేది నాలుగు గదులను కాదు, తన చేదకు, పెరటికి, చివరకు తన మర్యాదకు దగ్గరగా మసలే చోటును. డబ్బు సంగతి చివర వస్తుంది, అదీ మొహమాటంగానే వస్తుంది. ముందు వచ్చేది మనిషి ఎవరనే విచారణ.

ఆ విచారణకు ఒక భాష ఉంది. కోస్తాలో ‘మీరేమిట్లు?’ అని సూటిగా అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. చదువుకున్న ఇళ్ళలో ‘ఇంటిపేరేమిటి?’ అంటారు, అదీ సరిపోకపోతే ‘మీది ఏ ఊరు, అక్కడ ఫలానావాళ్ళు మీకేమవుతారు?’ అంటారు. ఈ చివరి ప్రశ్నకు ఆప్యాయత ముసుగు ఉంటుంది. బంధుత్వం వెతుకుతున్నట్టే వినిపిస్తుంది, నిజానికి కులం తేలేదాకా ఆగదు. పల్లెటూరి కళాశాలలో పనిచేసిన ఏ అధ్యాపకుణ్ణి అడిగినా ఈ ప్రశ్నలు వరుస తప్పకుండా చెప్పగలడు. సాహిత్యంలో ఈ వరుస ఎక్కడ ఎలా కనిపిస్తుంది, కనిపించనిచోట ఎందుకు కనిపించదు అన్నది మన ముందున్న విషయం.

‘కన్యాశుల్కం’తో ప్రారంభించడం సబబు. అందులో అద్దె ఇల్లు లేదు, ఆ లేకపోవడమే గమనార్హం. విజయనగరంలో గిరీశానికి పూటకూళ్ళమ్మ ఇల్లుంది. డబ్బిచ్చి తినవచ్చు, డబ్బు ఎగ్గొట్టి పారిపోవచ్చు. కృష్ణరాయపురం అగ్రహారంలో ఆ అవకాశం లేదు. అక్కడికి అతడు వెంకటేశం గురువుగా వెళ్ళాలి, ఒక కుటుంబానికి సంబంధించినవాడిగా గడప దాటాలి. మధురవాణి రామచంద్రపురం అగ్రహారంలో ఉండటానికీ ఇదే నియమం. రామప్పంతులు పేరు మీద తప్ప ఆమెకు ఆ ఊళ్ళో చోటు లేదు. గురజాడ ఈ సంగతిని ఎక్కడా వ్యాఖ్యానించడు. పట్నంలో రూపాయి చేసే పనిని అగ్రహారంలో వరస చేస్తుంది. ఆ వరస నిజమైనదైనా సరే, కల్పించినదైనా సరే. గిరీశం ఈ తేడాను బాగా ఎరిగినవాడు, అతని బతుకుతెరువంతా దానిమీదే.

ఇంచుమించు అర్ధ శతాబ్దం తరువాత, ఆ కల్పించిన వరసనే ఇతివృత్తంగా చేసుకున్న కథనం ‘మిస్సమ్మ’. విజయా సంస్థ 1955లో నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, రచన చక్రపాణి. మూలం రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’. బెంగాలీ మూలం ఉన్నదని దీన్ని తెలుగు కథనంగా చదవడానికి సంకోచించనక్కరలేదు. అప్పాపురం మనకు తెలిసిన ఊరే. దర్శకుడి పనితనం, పింగళి పాటలు, సావిత్రి నటన గురించి చాలా వచ్చింది. ఇక్కడ చూడవలసింది ఊళ్ళో ప్రవేశానికి పెట్టిన షరతు మాత్రమే. తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి పేర జమీందారు నడిపే బడికి ఉపాధ్యాయులు కావాలి. వాళ్ళు భార్యాభర్తలై ఉండాలి. ఉద్యోగం లేని ఎం.టి. రావు, అప్పుల పాలైన మేరీ దంపతులుగా నటించడానికి ఒప్పుకొని బయలుదేరతారు.

అప్పాపురంలో ఉద్యోగమిచ్చేవాడు, బస చూపించేవాడు, మంచిచెడ్డలు విచారించే పెద్దదిక్కు ముగ్గురూ ఒక్కడే. చిన్న ఊళ్ళో ఇది సర్వసాధారణం. ఇంటి యజమానే పాఠశాల కమిటీ అధ్యక్షుడో సర్పంచో అవుతాడు, ఇల్లు పోగొట్టుకుంటే ఊరే పోతుంది. అందుకే రావు, మేరీల అబద్ధం ఇంట్లో మొదలై బడిదాకా, పేరంటం దాకా పాకుతుంది. జమీందారు దంపతులు దుర్మార్గులు కారు, ప్రేమమూర్తులు. వాళ్ళ ప్రేమ ఎంత పెరిగితే అబద్ధం అంత బరువెక్కుతుంది. గదమాయించే యజమానికంటే కన్నబిడ్డలా చూసుకునే యజమాని దగ్గర నిజం చెప్పడం కష్టమని ఈ చిత్రం పట్టుకున్నంత చక్కగా మన కథల్లో పట్టుకున్నవి అరుదు.

అయితే ఇక్కడ అబద్ధాలు రెండు. పెళ్ళయిందన్నది ఒకటి, మేరీ క్రైస్తవురాలన్న సంగతి దాచడం రెండోది. చిత్రం మొదటిదాన్ని హాస్యానికి వాడుకుంటుంది. ప్రేక్షకుడు కూడా అందులో భాగస్వామి అవుతాడు. ఇల్లు దొరకాలంటే ఏదో ఒకటి చెప్పక తప్పదని అతనికి అనుభవంలో తెలుసు కనుక రావును సులభంగా క్షమిస్తాడు. రెండోదాని ఖర్చు ఎవరు భరించారో మాత్రం నవ్వుల మధ్య మరుగున పడుతుంది. రావు తన మతాన్నీ అలవాట్లనూ ఏమీ వదులుకోనక్కరలేదు. అతడు ఎలాంటివాడో అలాగే గడప దాటగలడు. తాను కానిదాన్ని రోజంతా అభినయించవలసింది మేరీ. ఆమె విసుగును, కస్సుబుస్సును సాధారణంగా పొగరుబోతు నాయిక లక్షణంగా చదువుతారు. నాకది ఆ బసలో ఉండటానికి ఆమె ఒక్కతే చెల్లిస్తున్న అద్దెగా కనిపిస్తుంది.

ముగింపులో మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది. పెంపకాన్ని పుట్టుకనూ పక్కపక్కన నిలిపి, పెంచిన క్రైస్తవ దంపతులను గౌరవంగా చూపించిన ఉదారత ఈ ముగింపులో ఉందనేవారున్నారు. 1955 నాటికి అది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి. కాని అద్దె ఇంటి కోణం నుంచి చూస్తే జరిగింది వేరు. బయటినుంచి వచ్చిన మనిషి ఇంటివాళ్ళ బిడ్డ అయిపోయింది. అద్దెదారు సమస్యను అద్దెదారే లేకుండా చేసి పరిష్కరించారు. మేరీ పుట్టుకతోనే మేరీ అయి ఉంటే, ఆ సంగతి తెలిసిన మరునాడు జమీందారు గడప ఆమెను ఏమని అడిగేది? చిత్రం ఆ ప్రశ్నను లేవనెత్తి, పాదంమీది పుట్టుమచ్చ చూపించి తప్పుకుంది.

అదే 1955లో పార్లమెంటు అస్పృశ్యతా నేరాల చట్టం చేసింది. ఏ ప్రాంతంలోనైనా నివాసగృహంలో ఉండకుండా అస్పృశ్యత కారణంగా అడ్డుపడటం దాని 4వ సెక్షను కింద శిక్షార్హం. అంతకుముందే రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాలనూ హోటళ్ళనూ బావులనూ పేరుపెట్టి చెప్పింది, ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. ఇక అద్దెల నియంత్రణ కోసం 1960లో వచ్చిన రాష్ట్ర చట్టం హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకూ పురపాలక సంఘాలకూ నేరుగా వర్తించింది. పంచాయతీ ఊళ్ళకు ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే. చిన్న ఊళ్ళో ఇల్లు ఇవ్వడం, ఖాళీ చేయించడం చాలాకాలం నోటిమాట మీదే నడిచాయి. నోటిమాటలో నేరం కనిపెట్టడం న్యాయస్థానానికి కష్టం. కథకుడికి కష్టం కాకూడదు.

ఈ దృష్టితో స్కైబాబ కథ ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ కీలకమైనది. అతని కథల ఆంగ్లానువాద సంపుటికి కూడా ఇదే పేరు పెట్టారు. హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కునే ముస్లిం దంపతుల అనుభవం ఇందులో వస్తువు. ‘మిస్సమ్మ’లో అక్కరకొచ్చిన రెండు ఉపాయాలూ ఇక్కడ చెల్లవు. వాళ్ళు నిజంగానే భార్యాభర్తలు, కనుక ఆ అబద్ధం అవసరమే లేదు. పుట్టుమచ్చ వచ్చి కాపాడేదీ లేదు, ఎందుకంటే దాచిన పుట్టుక ఏదీ లేదు. పేరు చెప్పగానే పరీక్ష ముగుస్తుంది. ‘కుటుంబాలకు మాత్రమే’ అన్న పాత షరతు స్థానంలో తిండి షరతు నిలిచింది. తెలుగు నేల మీద మాంసం వండే ఇళ్ళే అత్యధికం కాబట్టి ఈ షరతు చాలా సందర్భాల్లో తిండి గురించి కాదని వేరే నిరూపించనక్కరలేదు. ఒక పలకమీద రాసిన రెండు ఆంగ్లపదాలను కథకుడు అలాగే ఎత్తి శీర్షికగా పెట్టడం సమంజసం. నగరంలో తిరస్కారానికి రాతరూపం ఉంది, దాన్ని వేలెత్తి చూపవచ్చు.

మండల కేంద్రంలో ఆ పలక ఉండదు. ఇక్కడ గోడలకు టు-లెట్ బోర్డులు తక్కువ. ఖాళీ వాటా సంగతి కిరాణాకొట్టు దగ్గరో టీకొట్టు దగ్గరో తెలియాలి, వెంట ఒక తెలిసినవాడు రావాలి. దళిత కథ వెలివాడను, ముస్లింవాద కథ నగరంలోని వెతుకులాటను బలంగా నమోదు చేశాయి. బదిలీమీద చిన్న ఊరికి వచ్చిన దళిత ఉపాధ్యాయురాలో ముస్లిం బ్యాంకు ఉద్యోగో ఆ ఊళ్ళో మొదటి వారం ఎలా గడిపారన్నది, నేను చదివినంతలో, ప్రధాన వస్తువుగా బలంగా వచ్చిన సందర్భాలు స్వల్పం. జీవితంలో ఆ సన్నివేశం లేక కాదు. దాని భాష చిక్కదు. అక్కడ ఎవరూ కాదనరు. అరుగుమీద కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, ఊరు పేరు అడుగుతారు, చదువును మెచ్చుకుంటారు. ఇంటిపేరు విన్న తరువాత ఒక నిమిషం ఎండల గురించి మాట్లాడతారు. ఆపైన ‘మా అబ్బాయి సెలవుకు వస్తానన్నాడు, వాడినోసారి అడగాలి’ అంటారు. ఈ సంభాషణలో ఏ ఒక్క వాక్యమూ అమర్యాద కాదు. దీన్ని రాయాలంటే ప్రథమ పురుష కథనంలో వ్యాఖ్య జోడించే మన అలవాటు పనికిరాదు, ఆ ఎండల ముచ్చట్లనే తు.చ. తప్పకుండా నిలపగల ఓర్పు కావాలి. అదే వాటా ఆ సాయంత్రం ఇంకొకరికి ఇచ్చారన్న కబురు వచ్చినవాడికి చేరేది మళ్ళీ ఆ టీకొట్టు దగ్గరే.