గుబిలి అనుకున్న చెవి

నిద్ర లేచేసరికి ఒక చెవి దిబ్బడ వేసి ఉంటే బుచ్చిరెడ్డిపాలెంలో అయినా ఎక్కడయినా ముందు తలుచుకునేది గుబిలినే, ఆ తర్వాత జలుబుని. వెచ్చటి నూనె చుక్కలు వేసి నాలుగు రోజులు చూద్దాం అనుకుంటాం. అసలు నష్టం ఆ నాలుగు రోజుల్లోనే జరగొచ్చు. 72 గంటల్లోపు, వరుసగా మూడు పౌనఃపున్యాల్లో కనీసం 30 డెసిబెల్స్ మేర, లోపలి చెవి లేదా నరం లోపంతో వినికిడి పడిపోతే అది ఆకస్మిక నాడీ చెవుడు. లోపలి చెవికి నెత్తురు తెచ్చేది ఒక్క సన్నటి ధమని, దానికి పక్కదారి లేదు. అక్కడ ప్రాణవాయువు కరువైందేమోనన్న అనుమానమే హైపర్‌బారిక్ చికిత్సకు మూలం. మూసిన గదిలో పీడనాన్ని మామూలు కంటే రెండు, రెండున్నర రెట్లకు పెంచి శుద్ధమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఎర్రకణాలు ఎలాగూ నిండుగానే మోస్తుంటాయి. అదనంగా వచ్చేది గోలీసోడాలో గ్యాసులా ఒత్తిడికి నెత్తుటి ద్రవంలోనే కరుగుతుంది.

ఫలితం ఉందా? 2012 నాటి కోక్రేన్ సమీక్ష 7 ప్రయోగాల్లో 392 మందిని చూసి, కొత్తగా వచ్చిన చెవుడులో కొంత మెరుగు కనిపించిందని చెప్పింది. పాతబడిన చెవుడులో మేలు కనిపించలేదు. ఆ ప్రయోగాలు చిన్నవి, పద్ధతుల్లో లోపాలున్నవి. పైగా ఏ చికిత్సా లేకుండానే మూడోవంతు మందికో, అంతకంటే ఎక్కువమందికో ఎంతోకొంత వినికిడి తిరిగొస్తుంది; ఆ ఘనత ఏ గదికి కట్టబెట్టాలి? అందుకే అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల అకాడమీ 2019లో దీన్ని తప్పనిసరి అనలేదు. ఈ చెవుడుకి మామూలుగా ఇచ్చే స్టెరాయిడ్లతో కలిపి రెండు వారాల్లోపు, అవి పనిచేయకపోతే నెలలోపు, వీలుంటే ఇవ్వవచ్చంది.

‘డబ్బు పోతే పోయింది, ప్రయత్నిస్తే తప్పేముంది?’ అనొచ్చు. తప్పు లేదు, ముందు జరగాల్సింది జరిగితే. ఈ చికిత్స పది నుంచి ఇరవై విడతలు, ఒక్కోటి గంటన్నర. చెన్నై లాంటి నగరంలో మకాం పెట్టాలి. అంతా చేస్తే ఎక్కువగా వచ్చే ఇబ్బంది మళ్లీ చెవిలోనే, ఒత్తిడికి మధ్యచెవి దెబ్బతినడం. స్టెరాయిడ్లకు మాత్రం గట్టి రుజువులున్నాయా అంటే, నిజమే, అవీ అంతంతమాత్రమే. కానీ మాత్రలు చవక, నెల్లూరులోనే దొరుకుతాయి, వినికిడి పరీక్ష అయిన రోజే మొదలవుతాయి; షుగర్ ఉన్నవారిని మాత్రం డాక్టరు కనిపెట్టి ఉండాలి. గది కోసం ఆరా తీస్తూ ఆ మాత్రలను వారం వాయిదా వేయడమే నాకు గిట్టని బేరం.

నూనె సీసా తీసేముందు నోరు మూసుకుని ‘మ్‌...’ అని కాసేపు రాగం తీయండి. శబ్దం దిబ్బడ వేసిన చెవిలో మోగితే గుబిలో జలుబో కావచ్చు. బాగున్న చెవి వైపు జరిగితే మాత్రం నూనె పక్కన పెట్టి, ఆ పూటే ఆడియోగ్రామ్‌కి నెల్లూరు బస్సెక్కండి.