కాగితం మీద కుట్టిన కొమ్మ

వృక్షశాస్త్ర విభాగం మెట్లెక్కగానే ఎవరినైనా ముందు పలకరించేది నోటీసు బోర్డే. గురువారం సెమినార్, సోమవారం ఒకరి పీహెచ్‌డీ వైవా, ఎమ్మెస్సీ వాళ్ల ఫీల్డ్ ట్రిప్పుకు డబ్బు కట్టడానికి ఆఖరి తేదీ. ఆమధ్య నేను వెళ్లిన ఒక విశ్వవిద్యాలయంలో ఈ కాగితాల మధ్య, ఒక గుండుసూది ఊడి పక్కకు వాలిన కాగితం ఇంకొకటి కనబడింది. మూడు రోజుల హెర్బేరియం శిక్షణ ఉంది, ఆసక్తి ఉన్నవాళ్లు పేర్లు రాయండి అని. కింద రెండే పేర్లున్నాయి. వైవాకు వచ్చే పెద్దలకు టిఫిన్లు ఎక్కణ్నుంచి తెప్పించాలన్న చర్చ వరండాలో జోరుగా సాగుతోంది గానీ, ఈ కాగితం వైపు చూసినవాళ్లు లేరు.

ఆ శిక్షణలో నేర్పే పని ఎలాంటిదో చూద్దామని పక్కనున్న హెర్బేరియం గదిలోకి వెళ్లాను. గంటలో బయటపడదామనుకున్నవాణ్ణి సాయంత్రం తాళాలు వేసేదాకా అక్కడే ఉండిపోయాను.

హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల భాండాగారం. డిగ్రీలో బోటనీ చదివినవాళ్లకు ఈ మాట వినగానే ప్రాక్టికల్ పరీక్షలు గుర్తొస్తాయి. హాస్టల్ వెనకాల దొరికిన గడ్డిచేమంతి, తుమ్మి, ఉమ్మెత్త పీక్కొచ్చి, లావుపాటి పుస్తకాల కింద నొక్కి, డ్రాయింగ్ షీటు మీద సెల్లోటేపుతో అంటించి ఇచ్చేయడం. నేనూ అలాగే ఇచ్చాను. నా ఉమ్మెత్త పువ్వు పరీక్ష రోజుకల్లా బూజు పట్టి నల్ల మరకగా మిగిలింది. అయినా మార్కులు పడ్డాయి. అందుకే ఇదేమంత పెద్ద విద్య కాదని అనుకుంటూ వచ్చాను, ఆ గదిలో సోమిద చెట్టు షీటు చూసేదాకా.

స్టీలు బీరువా తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. హెర్బేరియం చూసుకునే మేడమ్ మందపాటి అట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. నేను పుస్తకంలో పేజీ తిప్పబోయినట్టు షీటు అంచు పట్టుకున్నాను. “అలా తిప్పకండి సార్. అన్నం పళ్లెం ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టండి” అన్నారావిడ. ఎండిన ఆకు బోర్లా పడితే అప్పడంలా విరుగుతుందట.

షీటు పొడవు 42 సెంటీమీటర్లు, వెడల్పు 28. మన దేశంలో హెర్బేరియాలు వాడే కొలత అది. సోమిద చూస్తే ఇరవై మీటర్లకు పైగా పెరిగే అడవి చెట్టు. అంత చెట్టు గురించి తెలియాల్సిన సంగతులు ఈ కాస్త కాగితంలో ఇమడాలి. ఇమిడ్చిన మనిషి ఎవరో నలభై ఏళ్ల కిందట ఆ విభాగంలో పరిశోధన చేసినాయన. నల్లమలలో కోశాడు.

సోమిద ఆకు ఈకలాగా ఉంటుంది. ఒకే కాడకు ఎదురెదురుగా మూడు నుంచి ఆరు జతల చిట్టాకులు. అలాంటి ఆకులు ఐదున్న కొమ్మను ఉన్నదున్నట్టు నొక్కితే చిట్టాకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. ఆయన మూడు ఆకులు ఉంచి రెండు కత్తిరించేశాడు. అయితే మొదలంటా కోయలేదు. కాడ అంగుళం మేర వదిలాడు. అక్కడ ఒక ఆకు ఉండేదని, కొమ్మ మీద ఆకుల మధ్య ఎంత ఎడం ఉంటుందో తర్వాత చూసేవాళ్లకు తెలియాలని. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని బోర్లించి పెట్టాడు. అడుగున ఈనెలు ఎలా సాగాయి, నూగు ఉందా లేదా అన్నది అటువైపు చూస్తేనే తెలుస్తుంది. ఒకసారి జిగురు పెట్టి అంటించాక ఇక తిప్పి చూసే వీలుండదు.

పూలగుత్తి దగ్గర ఇంకా జాగ్రత్త పడ్డాడు. సోమిద పూలు చిన్నవి, ఆకుపచ్చ కలిసిన తెలుపు, పెద్ద గుత్తులుగా పూస్తాయి. గుత్తిలో సగాన్ని తాకకుండా వదిలి, రెండో సగంలో రెమ్మలను కొంచెం విడదీసి పరిచాడు. పూత ఎంత దట్టంగా ఉంటుందో ఒక వైపు, ఒక్కో పువ్వు రెమ్మకు ఎలా అతుక్కుని ఉంటుందో రెండో వైపు కనబడతాయి. షీటు పై మూలన చిన్న కాగితం పొట్లం. అందులో విడిపూలు నాలుగైదు. ఈ పువ్వులో కేసరాలు కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. అది చూడాలంటే పువ్వును వేడినీళ్లలో నానబెట్టి కోయాలి. ఆ అవసరం పడినవాళ్లు గుత్తి మీద చెయ్యి వేయకుండా పొట్లంలోంచి ఒకటి తీసుకుంటారని ముందే ఆలోచించి పెట్టాడు. కాయ చెక్కలా గట్టిది, నొక్కితే నలగదు. ఎండితే నల్లగా ఐదు చెక్కలుగా విచ్చుకుంటుంది, లోపల రెక్కలున్న గింజలు. దాన్ని వేరే పెట్టెలో పెట్టి, షీటు మీది నంబరే దాని మీదా వేశాడు.

కొమ్మ లావుగా ఉన్నచోట తెల్లదారంతో కుట్లున్నాయి. మేడమ్ షీటును పైకెత్తి వెనకవైపు చూపించారు. ప్రతి కుట్టుకూ విడిగా ముడి ఉంది. దర్జీ కుట్టినట్టు దారం ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టుకు సాగలేదు. అలా సాగితే ఒకచోట తెగినప్పుడు కొమ్మంతా వదులవుతుంది. పైగా వెనకాల వేలాడే దారం కింది షీటులోని ఆకులకు తగులుకుని వాటిని లాగేస్తుంది. కుట్లలో ఒక్కటీ మొగ్గ మీద గానీ, కణుపు మీద గానీ పడలేదు.

ఇంతకీ ఈ అమరిక అంతా బల్ల దగ్గర కూర్చుని చేసింది కాదు. అడవిలో, ప్రెస్సులో ఉండగానే జరిగిపోతుంది. రెండు చెక్క చట్రాలు, మధ్యలో న్యూస్‌పేపర్లు, పైన బిగించే బెల్టులు. అంతే ప్రెస్సు. కోసిన రోజు కొమ్మ బిర్రుగా ఉంటుంది, చెప్పినమాట వినదు. ఇరవైనాలుగు గంటలు పేపర్ల మధ్య నలిగాక వడలి మెత్తబడుతుంది. అప్పటికింకా ఎండదు. ఆ సందులోనే ఆకు బోర్లించడమైనా, గుత్తి విడదీయడమైనా చేయగలిగేది. ఇంకా ఆలస్యమైతే కదిలించగానే విరుగుతుంది. రోజంతా కొండలెక్కి దిగి, రాత్రి ఫారెస్టు గెస్ట్‌హౌస్‌లో లాంతరు వెలుగులో నిన్నటి కొమ్మలన్నీ విప్పి సర్దుకునే ఓపిక ఉండాలి. తర్వాత కూడా ఎండేదాకా రోజూ పేపర్లు మార్చాలి. ఒక్కరోజు బద్ధకిస్తే నా ఉమ్మెత్తకు పట్టిన గతే.

ఒక్కో మొక్కకు ఒక్కో తిక్క. బ్రహ్మజెముడు లాంటివి ప్రెస్సులో పెట్టినా చావవు, పేపర్ల మధ్య పెరుగుతూనే ఉంటాయి. వాటిని ముందు మరిగే నీళ్లలో ముంచి తీయాలి. నీటిమొక్కను బయటికి లాగితే తడిసిన జుట్టులా ఉండ చుట్టుకుపోతుంది. అందుకని తొట్టిలో తేలనిచ్చి, కింద నుంచి కాగితం జొనిపి, నీళ్లతో సహా మెల్లగా పైకి లేపుతారు. మనిషి ఎత్తు గడ్డిని రెండు మూడు మడతలు పెడతారు. తాటాకును ముక్కలుగా కోసి, వరుస నంబర్లు వేసి, నాలుగైదు షీట్లకు పంచుతారు.

షీటు కింది కుడిమూలన చీటీ ఉంది. మేడమ్ దాని మీద వేలు పెట్టి, “ఇది లేకపోతే పైనున్నదంతా ఎండుగడ్డే సార్” అన్నారు. ఎండితే పోయేవన్నీ చీటీలోకి ఎక్కాలి. పువ్వు రంగు, వాసన, గాటు పెడితే పాలు కారతాయా, చెట్టు ఎత్తు, బెరడు తీరు, నేల, చుట్టూ ఉన్న చెట్లు, ఏ ఊరికి ఏ దిక్కున ఎంత దూరం, స్థానికులు ఏమంటారు, దేనికి వాడతారు. ఇవన్నీ కోసినచోటే నిలబడి ఫీల్డ్ బుక్కులో రాసుకోవాలి, సాయంత్రానికి వాయిదా వేస్తే పది మొక్కలు కలగాపులగమవుతాయి. ఒకే చెట్టు నుంచి నాలుగైదు కొమ్మలు కోసి, ఒకే నంబరు కట్టి, కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియానికో, హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియానికో ఒకటి పంపుతారు. ఒకచోట కాలినా, తడిసినా ఇంకోచోట ఉంటుంది.

చీటీ పక్కన వేరే చేతిరాతలతో మరో రెండు చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. తర్వాత వచ్చిన నిపుణులు పరిశీలించి, తమ పేరు, తేదీ వేసి పెట్టినవి. మొక్క పేరు మారినా పాత చీటీ కొట్టేయరు, చింపరు, కొత్తది పక్కన చేరుతుంది. మన నల్లతుమ్మ షీట్లలో ఇది బాగా కనిపిస్తుంది. లిన్నేయస్ దాన్ని మిమోసా అన్నాడు, తర్వాతివాళ్లు అకేసియా అన్నారు. అకేసియా పేరు ఆస్ట్రేలియా జాతులకు ఉంచాలని 2005లో వియన్నా కాంగ్రెస్ తీర్మానించి, 2011లో మెల్‌బోర్న్ కాంగ్రెస్ ఖాయం చేశాక అది వాచెల్లియా అయింది. మూడు పేర్లూ ఒకే షీటు మీద, పొలం పాసుపుస్తకంలో హక్కుదార్ల పేర్లలా, వరుసగా కనిపిస్తాయి.

సోమిద పేరుకైతే మన ఇంటి కథే ఉంది. 1780లలో సామర్లకోటలో ఉంటూ కోస్తా మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, మొదటి సంపుటం 1795లో వెలువడిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’లో దీన్ని స్వీటెనియా ఫెబ్రిఫ్యూగా అని వర్ణించాడు. బెరడు చేదు, జ్వరానికి మందు. అందుకే ఆ రెండో మాట. మన భారతీయ చిత్రకారులు వేసిన బొమ్మలు ఆ మూడు సంపుటాల్లో 300 ఉన్నాయి. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ డి జుస్యూ ఈ చెట్టును వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు తెలుగువాళ్ల పేరునే దానికి పెట్టాడు. ఆనాటి నుంచి ప్రపంచమంతటా అది సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లకు మేడమ్ దగ్గర రెండు జవాబులున్నాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ హెర్బేరియంలోని రెండు శతాబ్దాల ఆకులను వుడ్‌వర్డ్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శిని కింద పెట్టి, వాటి మీది పత్రరంధ్రాలు లెక్కించాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినకొద్దీ ఆ రంధ్రాలు సుమారు 40 శాతం తగ్గాయని 1987లో ప్రకటించాడు. ఐర్లండ్‌లో 1845 నుంచి కరువు తెచ్చిన బంగాళాదుంప తెగులుది ఏ రకమో, అప్పటి ఎండుటాకుల్లోంచి డీఎన్‌ఏ తీసి 2013లో తేల్చారు. ఆ ఆకులు నొక్కినవాళ్లకు వాతావరణ మార్పు గురించి గానీ, డీఎన్‌ఏ గురించి గానీ తెలియదు. వాళ్లు ఆకును ఆకులా, తేదీని తేదీలా ఉంచారు, అంతే.

ఈ షీట్లను తినేసేవి కూడా ఉన్నాయి. సిగరెట్ బీటిల్ అనే చిన్న పురుగుకు ఎండుపువ్వులంటే ప్రాణం. ఒకప్పుడు మొక్కను రసకర్పూరం కలిపిన స్పిరిట్‌లో ముంచి తీసేవారు. పురుగు రాదు గానీ, ముట్టుకున్న మనిషికీ ఆ పాదరస విషం ప్రమాదమే. అందుకే ఇప్పుడు చాలాచోట్ల షీట్ల కట్టలను కొన్నాళ్లు సున్నాకు 20 డిగ్రీల దిగువన డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తున్నారు.

ఆ సోమిద షీటులో నాకు కనిపించిన లోటు ఒక్కటే. స్థానిక నామం దగ్గర చెట్టు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. అది సోమిదో, సోమిడో, సూమిదో అక్షరాలను బట్టి చెప్పలేం. కోసిన ఊరి పేరూ అంతే, రెండు రకాలుగా చదవొచ్చు. తెలుగు పేరు తెలుగు లిపిలో రాసి ఉంటే ఆ అనుమానమే ఉండేది కాదు. మన విశ్వవిద్యాలయాల చీటీల్లో ఇప్పటికైనా ఈ పద్ధతి రావాలి.

డిగ్రీ, ఎమ్మెస్సీ పిల్లలకు ఒక మాట. ఎలాగూ పరీక్షకు షీట్లు ఇవ్వాలి. హడావుడిగా నొక్కిన ముప్పై మొక్కల కంటే, ఒక ఆకు బోర్లించి, చీటీ నిండుగా రాసిన మూడు మొక్కలు మేలు. మీ ఊరి చెరువుగట్టు మీది మొక్కయినా సరే, పరీక్ష అయ్యాక చెత్తబుట్టలో వేయకుండా మీ విభాగం హెర్బేరియానికి ఇవ్వండి. మొక్క పేరు తెలియకపోతే ఖాళీగా వదిలేయండి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చెబుతారు. ఏ ఊళ్లో కోశారో, ఏ రోజు కోశారో మాత్రం మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు.