గడ్డకట్టే లోపు

శేరిలింగంపల్లిలో, అందులోనూ కొండాపూర్, గచ్చిబౌలి వైపు, పళ్ళ క్లినిక్ లేని వీధి దొరకడం కష్టం. బోర్డుల మీద ఇంప్లాంట్లు, పళ్ళ తెలుపు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చిగుళ్ళ డాక్టరు పనితనం మాత్రం బోర్డుకెక్కదు. కదులుతున్న పన్నును పీకకుండా, కరిగిన ఎముకను రోగి సొంత రక్తం సాయంతో మళ్ళీ పెంచే ఆ పని నాకెంతో గొప్పగా తోస్తుంది.

పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఉంటుంది. నమిలేటప్పుడు బరువు మోసేది అదే. గార పేరుకుని చిగురు వాచి, నారలు తెగి, ఎముక కరిగితే వేరు పక్కన గుంట పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురులో 3 మిల్లీమీటర్ల దగ్గర ఆగే, లోతు కొలిచే ప్రోబ్ ఇక్కడ 7, 8 దాకా దిగుతుంది. ఊరికే శుభ్రం చేసి కుట్టేస్తే చిగురు పైపొర అన్నిటికంటే ముందు లోపలికి పాకి వేరుకు అంటుకుంటుంది. నారలకు, ఎముకకు ఇక చోటుండదు. ఈ పరుగుపందెం సంగతి పరిశోధకుడు మెల్చర్ 1976లోనే తేల్చి చెప్పాడు.

1998లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ బృందం ఎముకకు సాయంగా రోగి రక్తం నుంచే తీసిన, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను దవడ ఎముక అతుకుల్లో వాడి చూపింది. అందుకు రక్తం గడ్డకట్టకుండా ఒక మందు, చివర్లో గడ్డకట్టడానికి ఇంకో మందు కావాలి. 2001లో ఫ్రాన్సులో జోసెఫ్ షుక్రూన్ ఆ మందులన్నీ తీసేశాడు. ఆయన పద్ధతే పీఆర్‌ఎఫ్, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్.

మందు లేదు కాబట్టి ఇక్కడ అంతా వేగం మీదే ఉంటుంది. చేతి నరం నుంచి తీసిన 10 మిల్లీలీటర్ల రక్తం ఒకటి రెండు నిమిషాల్లో సెంట్రిఫ్యూజ్‌లోకి వెళ్ళాలి. ఆలస్యమైతే పొరలు విడవకుండానే ముద్దకడుతుంది. నిమిషానికి సుమారు 3000 చుట్లు, పది నిమిషాలు. అడుగున ఎర్రకణాలు, పైన పల్చటి ప్లాస్మా, నడుమ పసుపు ఛాయలో లేత తాటిముంజెలా ఫైబ్రిన్ గడ్డ. ఫోర్సెప్స్‌తో దాన్ని పైకి తీసి, కిందనున్న ఎర్రభాగాన్ని కత్తెరతో వేరుచేస్తారు. నేర్పంతా ఆ కోతలో ఉంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా చేరేది ఎరుపూ పసుపూ కలిసే అంచులోనే. అందుకే తెలిసిన చెయ్యి ఆ అంచున కాస్త ఎరుపు ఉంచి కోస్తుంది. తర్వాత చిల్లుల పళ్ళెంలో మెల్లగా అదిమితే, వేరు పక్క గుంటలో పరిచే పల్చటి పొర తయారవుతుంది.

నన్నడిగితే అసలు పని అంతకంటే ముందుంది. చిగురు తెరిచి, ఒక్కో వేరు వంపుకు ఒక్కో క్యూరెట్ మార్చుకుంటూ, వేళ్ళకు తగిలే గరుకు పోయి నున్నబడేదాకా గీస్తూనే ఉండాలి. వెనక దంతాల వేర్లు చీలే చోట క్యూరెట్ కొన కంటికి కనిపించదు, స్పర్శే దారి. గార మిగిలిన వేరు మీద ఎంత మంచి పొర పరిచినా దండగే.

బెంగళూరు ప్రభుత్వ దంత కళాశాల పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు వైపులా ఎముక గోడ మిగిలిన గుంటలు పీఆర్‌ఎఫ్ పెట్టినచోట తొమ్మిది నెలలకు ఉత్త సర్జరీ కంటే బాగా పూడాయి. ఆ గోడలే ముఖ్యం. ఎముక వరసంతా సమంగా అరిగిపోయిన నోట్లో పొర నిలవడానికి ఆసరా ఉండదు. సిగరెట్ మానని వాళ్ళకూ, షుగర్ అదుపులో లేని వాళ్ళకూ ఫలితం తగ్గుతుంది. ఎక్స్‌రే చూసి, రోగే అడిగినా సరే, ఇది మీకు పనికిరాదని చెప్పగల డాక్టరు మీద నాకు గౌరవం ఇంకా ఎక్కువ. పొర పెట్టినచోట మాత్రం కొన్ని నెలలపాటు ప్రోబ్ దించరు. ఎముక ఎంత పూడిందో ఆరో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసే ఎక్స్‌రేలో చూస్తారు.