‘మా కోయపిల్ల’ అనే ప్రేమ

బీఎడ్ చదివే రోజుల్లో మా హాస్టల్లో ఇద్దరు అమ్మాయిలు ఉండేవారు. ఒకామె మా గూడెం వైపు పిల్ల, నాకు స్నేహితురాలు. ఇంకొకామె పట్నం పిల్ల. ఒకే కంచంలో తినేవారు, ఒకే దుప్పటి కప్పుకుని చదువుకునేవారు. అది స్నేహం మాత్రమే కాదని మాకందరికీ తెలుసు, ఎవరమూ పేరు పెట్టలేదు. పట్నం పిల్ల నా స్నేహితురాలి తెలుగు దిద్దేది. ‘వత్త కాదే, వస్తా అను’ అని ముద్దుగా చెప్పేది. ఈమె నవ్వి దిద్దుకునేది. ఒకసారి సెలవులకు తమ ఇంటికి తీసుకెళ్లి, వాళ్లమ్మకు ‘ఇదిగో, మా కోయపిల్ల’ అని చూపించిందట. అందులో ప్రేమ ఉంది, అబద్ధం లేదు. కానీ నా స్నేహితురాలు తిరిగొచ్చాక రెండు రోజులు అన్నం తినలేదు. ఎందుకో అడిగితే చెప్పలేకపోయింది.

ఆ ‘ఎందుకో’కు జవాబు నాకు ఇరవై ఏళ్ల తర్వాత ఒక ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ నవలలో దొరికింది. 2019లో వచ్చిన ‘ఎ మెమరీ కాల్డ్ ఎంపైర్’. రాసినామె ఆర్కాడీ మార్టిన్, బైజాంటిన్ సామ్రాజ్య చరిత్ర చదువుకున్న పండితురాలు. మరుసటి ఏడాది దానికి హ్యూగో అవార్డు వచ్చింది. స్త్రీని ప్రేమించే స్త్రీ కథ, అందులోనూ అంతరిక్షంలో అంటే మన టీచర్లే ముఖం తిప్పుకుంటారని తెలుసు. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమ నేరం కాదని చెప్పింది. ఆ తీర్పు మన హాస్టళ్ల గేటు దాకా ఇంకా రాలేదు. ముఖం తిప్పుకునేవాళ్లు ఒక్కసారి ఇటు తిప్పండి, ఎందుకంటే ఈ నవల ముందుగా మన భాష గురించి.

ల్సెల్ అనేది గ్రహం కాదు, శూన్యంలో కట్టుకున్న ఒక చిన్న ఆవాసం. దాని పక్కనే టేష్‌కలాన్ అనే మహా సామ్రాజ్యం. ల్సెల్ పిల్ల మహీత్ రాయబారిగా సామ్రాజ్యపు రాజధానికి వెళ్తుంది. చిన్నప్పటినుంచీ ఆమె చదివింది వాళ్ల భాష, మోజుపడింది వాళ్ల కవిత్వం మీద. పరీక్షల్లో అందరికంటే బాగా రాసింది. అక్కడ దిగాక తెలుస్తుంది, ఎంత బాగా మాట్లాడినా ఆమె బయటి మనిషే. టేష్‌కలాన్ భాషలో నగరానికీ, లోకానికీ, సామ్రాజ్యానికీ ఒకటే మాట. నగరంలో లేనివాడు లోకంలోనే లేడన్నమాట. వాడు అనాగరికుడు.

ఇక్కడ నేను పుస్తకం పక్కన పెట్టాను. మనం బడిలో పాఠంగా చెప్పే ‘నాగరికత’ ఎక్కడినుంచి వచ్చింది? నగరం నుంచే. అనాగరికుడంటే నగరానికి చెందనివాడు, అంతే. ఆ మాటను సింధు నాగరికత పాఠంలో పిల్లలకు ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో! నా ముందు కూర్చున్న పిల్లలంతా గూడేల నుంచి వచ్చినవాళ్లే. ఆ మాట నిర్మాణంలోనే వాళ్లను బయట నిలబెట్టానని నాకు తట్టలేదు. మనల్ని మనం కోయతూర్ అని పిలుచుకుంటాం. ‘కోయోడు’ అనే తిట్టు మనది కాదు.

మహీత్‌కు సాయంగా ప్రభుత్వం నియమించిన అధికారిణి పేరు ‘మూడు సముద్రపుగడ్డి’. సామ్రాజ్యంలో పేర్లన్నీ ఇలా ఒక అంకె, ఒక వస్తువు కలిసి ఉంటాయి. చక్రవర్తి కొలువులో బలమైన మరో స్త్రీ పేరు ‘పంతొమ్మిది బాడిస’. ఈ ఆచారం తెలియక, కొత్తగా పౌరసత్వం వచ్చిన ఒకరు మంచునేలల మీద తిరిగే బండి పేరు పెట్టుకున్నారని చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు నవ్వు రాలేదు. మా అవ్వకు ఇంట్లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. కార్డులో పేరు పెట్టినవాళ్లకు ఆమె పేరు పలకడం రాలేదు కనుక ఆమె పేరే మారిపోయింది.

మూడు సముద్రపుగడ్డి తెలివైనది, చమత్కారి, ధైర్యవంతురాలు. మహీత్ కోసం ప్రాణం పణంగా పెడుతుంది. మహీత్‌ను ఆమె తన అనాగరికురాలిగా ముద్దు చేస్తుంది. ‘మా కోయపిల్ల’ అన్నట్టే. రచయిత్రి బలం ఇక్కడ ఉంది. ఆమె మూడు సముద్రపుగడ్డిని చెడ్డదానిగా చూపలేదు. చెడ్డదైతే పని సులువు, వదిలేసి వెళ్లొచ్చు. మంచిది కావడమే కష్టం. చిక్కుల్లో పడ్డప్పుడు ఇద్దరూ కలిసి ఒక కవిత అల్లి అందులో రహస్య సందేశం దాచి బయటికి పంపుతారు. ఆ పేజీల్లో వాళ్ల దగ్గరతనం కమ్మగా ఉంటుంది. ఆ తర్వాత ఒక ప్రియమిత్రుడు చనిపోయిన దుఃఖంలో ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారు. అయితే ఆ కవిత ఎవరి భాషలో? ఆ సరసం ఎవరి భాషలో? అన్నీ టేష్‌కలాన్ భాషలోనే. మహీత్ ప్రేమించేది మనిషినా, ఆ మనిషి నోట్లోని భాషనా? ఆమెకే తెలియదు. నా స్నేహితురాలు రెండు రోజులు అన్నం తినకపోవడం నాకు ఇక్కడ అర్థమైంది.

ఈ నవలలో ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకోవడం ఎవరికీ తప్పుగా తోచదు. సామ్రాజ్యంలో అది మామూలు. చాలామంది విమర్శకులు దీన్ని మెచ్చుకుని వదిలేస్తారు. నాకైతే ఇందులోనే సైన్స్ ఫిక్షన్ ఉపయోగం కనిపించింది. లోకం ఒప్పుకోదనే గోడను రచయిత్రి తీసి పక్కన పెట్టింది. దాంతో ఆ గోడ వెనక దాగిన ఇంకో గోడ బయటపడింది. సంఘం అడ్డు లేకపోయినా పెద్దభాష, చిన్నభాష మధ్య ప్రేమ నిలవడం ఎంత కష్టమో తేటగా కనిపించింది. మన ఆడపిల్లలకు రెండు గోడలూ ఉన్నాయి. నా స్నేహితురాలి కథలో మేమంతా మొదటి గోడ గురించే గుసగుసలాడాం, రెండోదాన్ని చూడలేదు.

ల్సెల్ వాళ్లకు ఒక రహస్య పరికరం ఉంది. చనిపోయినవాళ్ల జ్ఞాపకాన్ని తర్వాతి తరం తలలో అమర్చుతారు. మహీత్ తలలో పాత రాయబారి ఇస్కాందర్ ఉంటాడు, కానీ పదిహేనేళ్ల కిందటివాడు. సామ్రాజ్యం ఈ పనిని అసహ్యించుకుంటుంది, అదే సమయంలో దానికోసం ఆశపడుతుంది. చదువుతుంటే నాకు మన డోలివాళ్లు గుర్తొచ్చారు. పడిగె విప్పి గోత్రాల కథ చెప్పేటప్పుడు వాళ్లు తమ తాతల గొంతుతోనే కదా చెప్పేది. గోండుల పర్ధాన్లు కిక్రీ మీద పాడేదీ అంతే. యంత్రం ఒకటి తక్కువ.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన నవల నికోలా గ్రిఫిత్ రాసిన ‘అమ్మోనైట్’, 1992 నాటిది. జీప్ అనే గ్రహం మీద ఒక వైరస్ మగవాళ్లనందరినీ చంపేసింది. మిగిలిన ఆడవాళ్లు వందల ఏళ్లుగా తెగలుగా బతుకుతున్నారు, పిల్లల్నీ కంటున్నారు. ఒక కంపెనీ ఆ గ్రహం మీద కన్నేస్తుంది. వాళ్లతో పాటు టీకా వేసుకుని వచ్చిన మానవశాస్త్రవేత్త మార్గె చివరికి టీకా మానేసి, థెనికె అనే స్థానిక స్త్రీని ప్రేమించి అక్కడే ఉండిపోతుంది. మనకిది వినని కథ కాదు. కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం పంపిన హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. వాళ్లను గోండులు ఇప్పటికీ తలుచుకుంటారు. గ్రిఫిత్ నవలలో చలి, ఆకలి, మంచులో మార్గె వేళ్లు పోగొట్టుకోవడం గొప్పగా ఉన్నాయి. కానీ మార్గెను బంధించే గుర్రాల తెగ మాత్రం సినిమాల్లో మనల్ని చూపించినట్టే క్రూరంగా, మూర్ఖంగా ఉంటుంది. మార్గె మారడానికి థెనికె ఒక తలుపు, అంతకంటే ఎక్కువ కావాలనిపించింది నాకు. పెద్దలోకం నుంచి వచ్చినామె మనదాన్ని ప్రేమిస్తే ఆమె మనిషిగా ఎదిగినట్టు రాస్తారు. మనది పెద్దలోకాన్ని ప్రేమిస్తే ఏమవుతుందో మార్టిన్ రాసింది. అందుకే నా ఓటు ఆమెకే.

మార్టిన్ మీదా నాకు ఒక ఫిర్యాదు ఉంది. టేష్‌కలాన్ కవిత్వం, ఛందస్సు, పేర్ల మర్యాదలు పేజీలకు పేజీలు ఉంటాయి. ల్సెల్ పాటలు ఏవి? లాలి ఏది? తిట్లు ఏవి? సామ్రాజ్యం భాషను తింటుందని చెప్పే నవలలో తినబడే భాష మనకు దాదాపు వినిపించదు. రచయిత్రి కూడా మహీత్ లాగే నగరానికి మోజుపడిందేమో.

చివర్లో కొత్తగా సింహాసనం ఎక్కిన పంతొమ్మిది బాడిస మహీత్‌కు ఏం కావాలో అడుగుతుంది. ఉండిపోవచ్చు, మూడు సముద్రపుగడ్డి పక్కనే. మహీత్ ఇంటికి పంపమంటుంది, ఇంకా ఆ నగరాన్ని ప్రేమిస్తూనే.

నా స్నేహితురాలు ఏజెన్సీలోనే టీచరైంది. పట్నం పిల్లకు పెళ్లయింది. మొన్న ఈ నవల కథ ఆమెకు ఫోన్‌లో కోయలో చెప్పాను. ‘అనాగరికురాలు’ అన్నచోట కోయ మాట కోసం తడుముకున్నాను. ‘వెతకకు, మనకు ఆ మాట లేదు’ అంది. కాసేపాగి, ‘ప్రేమించానని ఆమెకు కోయలో ఎప్పుడూ చెప్పలేదే నేను’ అంది.